బావ లేకపోతేనే గెలుస్తారట

మా బావ, అంటే మా అక్క మొగుడు, లిఫ్టు మెకానిక్. ముప్ఫై రెండేళ్ళుగా జనాన్ని పై అంతస్తులకి పంపిస్తున్నాడు గానీ తను మాత్రం ఎప్పుడూ మెట్లెక్కే వెళ్తాడు. ఆయన వెళ్ళే చోట లిఫ్టు అప్పటికే ఆగిపోయి ఉంటుంది కదా. సామాన్ల సంచీ భుజాన వేసుకుని, డాబా మీదున్న మోటారు గది దాకా ఎక్కుతాడు. ఎంత తొందరలో ఉన్నా సరే, లిఫ్టు ఇరుక్కున్న అంతస్తు దగ్గర ఒక్క నిమిషం ఆగి, తలుపు సందుకి నోరు ఆనించి లోపలివాళ్ళతో మాట్లాడతాడు. "కంగారు పడకండి, నేనొచ్చేశాను. నేల మీద కూర్చోండి. తాళ్ళు ఆరున్నాయి, మిమ్మల్ని మొయ్యడానికి ఒక్కటి చాలు." ఆ గొంతు విని ఏడుపు ఆపిన పిల్లలున్నారు. దణ్ణం పెట్టిన ముసలివాళ్ళున్నారు.

అలాంటి మనిషికి మా ఆయనా, ఆయన స్నేహితులూ కలిసి పెట్టిన పేరు ఐరన్ లెగ్. బావ గదిలో కాలు పెడితే వాళ్ళ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోతుందట.

ముందే చెప్తున్నాను, నాకు ఫుట్‌బాల్ మీద ప్రేమా లేదు, పగా లేదు. నాకున్న ఒకే ఒక్క బాధ ఏమిటంటే, ఆ టీవీ ఉన్నది నా షాపులో. నాది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే షాపు. ముందు కౌంటరు, వెనక ఇస్త్రీ గది, ఆ గది గోడకి మా ఆయన తగిలించిన పెద్ద టీవీ. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం అయిదింటికే షట్టరు సగం దించేస్తారు. ఆవిరి యంత్రం చల్లారకముందే నలుగురూ కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. వరసగా వేలాడే కోట్లని అటూ ఇటూ తోసేస్తారు. మర్నాడు ఎవరి చొక్కా ఎవరి కవర్లో ఉందో వెతుక్కోలేక నా ప్రాణం పోతుంది.

నలుగురూ అన్నాను గానీ, బావని పంపించేశాక మిగిలేది ముగ్గురే. మా ఆయన బస్ డిపోలో టైమ్‌కీపరు. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యమైతే పుస్తకంలో రాస్తాడు గానీ, తను ఇంటికి ఏ వేళకి వస్తాడో రాసే పుస్తకం ఇంకా పుట్టలేదు. రెండోవాడు పక్కనున్న మందుల షాపాయన. ఊళ్ళో అందరి రక్తపోటూ చూస్తాడు, మ్యాచ్ రోజు తనది చూసుకోవడానికి భయం. మూడో మనిషి లెక్కల మాస్టారు. ఆయన దగ్గరో నోటు పుస్తకం ఉంటుంది. ఏ తేదీన ఎవరెక్కడ కూర్చున్నారు, ఎంత స్కోరు, అన్నీ అందులో ఉంటాయి. చదువుకున్నవాడికి పిచ్చి పడితే ఇలాగే పద్ధతిగా ఉంటుంది.

ఇంతకీ ఆ టీమ్ మా అందరికీ పరిచయమైందే బావ వల్ల. ఎక్కడో యూరప్‌లో ఒక క్లబ్బు, ఎర్ర చారల చొక్కాలు. బావ పని నేర్చుకునే రోజుల్లో ఒక ఎత్తైన మేడలో కాపలావాడి గదిలో చిన్న నలుపు తెలుపు టీవీ ఉండేది. అందులో మొదటిసారి చూశాడట. ఆ రోజు వాళ్ళు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోతున్నా, చివరి నిమిషం దాకా ఒక్కడూ పరుగాపలేదట. ఆ చారలు ఎరుపని తెలియడానికి బావకి రెండేళ్ళు పట్టింది. "అంత ఓడిపోయే టీమ్‌ని పట్టుకున్నావేంటి బావా?" అని నేనడిగితే, "గెలిచేవాళ్ళకి మనతో ఏం పనమ్మాయ్?" అన్నాడు. నాకు మా ఆయనతో పెళ్ళైన కొత్తలో, కొత్తగా వచ్చిన తోడల్లుడికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేర్పింది కూడా బావే. షాపులో ఊడి దొరికిన బొత్తాల డబ్బా తెచ్చి, ఇస్త్రీ బల్ల మీద నల్ల బొత్తాలు ఒకవైపు, తెల్ల బొత్తాలు ఒకవైపు పేర్చి, ఓపిగ్గా వారం రోజులు చెప్పాడు. నేర్పినవాడు ఇప్పుడు గుమ్మం బయట, నేర్చుకున్నవాడు లోపల.

పదకొండేళ్ళ క్రితం బావ కూర్చున్న మ్యాచ్‌లు వరసగా మూడు పోయాయి. నాలుగోదానికి డ్యూటీ వల్ల ఆలస్యంగా, ఆట ఇంకో రెండు నిమిషాలుందనగా వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పాడు. అప్పుడే అవతలివాళ్ళు గోల్ కొట్టారు. కాకి వాలడం, తాటిపండు పడటం అంటే ఇదే కదా? కాదట! అందరూ తిరిగి బావ కాళ్ళ వైపు చూశారు. మొదట్లో నవ్వులాటగానే, "అన్నయ్యా, ఇవాళ నువ్వు రాకు, కప్పు మనది కావాలి," అనేవాడు మా ఆయన. నవ్వులాట ఎప్పుడు రూలైపోయిందో ఎవరికీ గుర్తులేదు. బావ కూడా నవ్వుతూనే, మ్యాచ్ ఉన్న ప్రతి సాయంత్రం తోటి మెకానిక్కుల దగ్గర డ్యూటీ అడిగి తీసుకోవడం మొదలుపెట్టాడు. వాళ్ళంతా పెళ్ళాం పిల్లలతో కూర్చుని మ్యాచ్ చూస్తారు, బావ ఎవరి లిఫ్టో బాగుచేస్తుంటాడు. ఏం జరిగిందో మర్నాడు పేపర్లో చదువుకుంటాడు. మా అక్కని అడిగితే, "ఆయనకే లేని రోషం నాకెందుకే?" అంటుంది. నాకుంది. అక్క వాటా కూడా నాకే వచ్చినట్టుంది.

ఈసారి పంతొమ్మిదేళ్ళ తరవాత ఆ టీమ్ యూరప్ కప్పు సెమీఫైనల్‌కి వచ్చింది. సెమీఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లట, రెంటి గోల్సూ కలిపి లెక్కేస్తారట. మొదటిది ఒక గోల్ తేడాతో ఓడారు. రెండోది ఈ గురువారం, రెండు గోల్స్ తేడాతో గెలవాలి. సోమవారం బావ గ్రీజు మరకల ప్యాంటు ఇవ్వడానికి వచ్చి, కౌంటరు దగ్గర ఊరికే నిలబడి, "అమ్మాయ్, ఈ ఒక్కటీ అందరితో కూర్చుని చూస్తే బావుణ్ణు," అన్నాడు. వెంటనే, "ఏదో అన్నాన్లే, ప్యాంటు తొందరేం లేదు," అని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఏమైనా సరే, ఈసారి బావని ఆ గదిలో కూర్చోబెట్టి తీరాలనుకున్నాను.

గురువారం రాత్రి ముగ్గురూ వచ్చి కూర్చోగానే రిమోట్ తీసుకుని చీర కుచ్చిళ్ళలో దోపుకున్నాను.

"బావ వస్తున్నాడు. మధ్య కుర్చీ ఆయనది. లేదంటే టీవీ లేదు."

ముగ్గురి మొహాలూ తడి గుడ్డల్లా వేలాడిపోయాయి. మాస్టారు నోటు పుస్తకం తెరిచారు. "ఆవేశపడకమ్మా. లెక్క చూడు. ఈ పుస్తకం మొదలెట్టాక ఆయన ఉండగా ఆడినవి తొమ్మిది. ఏడు ఓటములు, రెండు డ్రా. ఒక్క గెలుపు లేదు."

"బావ లేకుండా ఓడినవి ఎన్ని?"

"అవి రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"వాటికి వేరే కారణాలున్నాయి," అన్నారు మాస్టారు, తరగతిలో మొద్దుపిల్లకి చెప్పినట్టు. "ఒకసారి వాన, ఇంకోసారి గోల్‌కీపరుకి జ్వరం."

"మరి మొన్నటి మ్యాచ్? బావ ఎక్కడో ఆస్పత్రి లిఫ్టులో తల దూర్చి ఉన్నాడుగా?"

"అది రెఫరీ, చెల్లెమ్మా!" అని మందుల షాపాయన అరిచాడు. "వాడికి కళ్ళున్నాయా అసలు?"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వీళ్ళు ఆడకపోయినా వీళ్ళకో మద్దెల కావాలి. ఆ మద్దెల మా బావ.

"పోనీ ఒక పని చేద్దాం," అన్నాడు మా ఆయన, బస్సు రూటు మార్చే మొహంతో. "అన్నయ్య వస్తాడు, కూర్చుంటాడు, కానీ కోట్ల వెనకాల. టీవీ కనపడదు, మాటలు వినపడతాయి."

"కళ్ళు మూసుకుంటే సరిపోతుందేమో," అన్నాడు మందుల షాపాయన.

మాస్టారు పెన్ను మూత తీశారు. "అసలు దీన్ని మనకి లాభంగా తిప్పుకోవచ్చు. ఇవాళ ఒక్కరోజు ఆయన్ని అవతలి టీమ్‌కి అభిమానిగా ఉండమందాం. అప్పుడా పాదం మహిమ వాళ్ళకి తగులుతుంది."

వాళ్ళు నవ్వడం లేదు. ముగ్గురూ దాన్ని గురించి నిజంగా ఆలోచిస్తున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సిగ్గుందా మీకు? మీకు ఆట నేర్పింది ఎవరు? ఆఫ్‌సైడ్ అంటే సోఫా సైడ్ అనుకున్న మనిషి మీరు! ఆయన ముప్ఫై రెండేళ్ళ బట్టీ తాళ్ళూ బ్రేకులూ పట్టుకుని ఒక్క మనిషికి దెబ్బ తగలకుండా చూశాడు. అది ఏ పుస్తకంలో రాశారు మాస్టారూ? ఐరన్ లెగ్గట! కూర్చుంటే అందరితో సమానంగా కూర్చుంటాడు, లేదా మీరంతా వీధిలో కూర్చోండి!"

మా ఆయన లేచి మధ్య కుర్చీ మీది బట్టల మూట తీసి కింద పెట్టాడు. "సరేలే, రమ్మను," అన్నాడు. చెప్పొద్దూ, కప్పు నేనే గెలిచినంత సంబరమైంది నాకు.

బావ తలస్నానం చేసి, పాత ఎర్ర చారల చొక్కా వేసుకుని వచ్చాడు. డ్యూటీ ఇంకొకరికి ఇచ్చానని చెప్పాడు. చేతిలో సంచీ లేకపోయేసరికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పావుగంటలో గది మారిపోయింది. ఆడేవాళ్ళ పేర్లు తెర మీదికి రాగానే, "ఎడమ పక్క కాపు కాసేవాడు కొత్తవాడు. వాళ్ళు అటే దాడి చేస్తారు, చూస్తూండండి," అన్నాడు బావ. మందుల షాపాయన ఎందుకన్నాడు, మాస్టారు కాదన్నారు, మా ఆయన పోయి బొత్తాల డబ్బా తెచ్చాడు. నాలుగు తలలూ ఇస్త్రీ బల్ల మీదికి వంగాయి. పదకొండేళ్ళు వీళ్ళు పోగొట్టుకున్నది ఎంతో అప్పుడు కళ్ళారా చూశాను.

ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. ముగ్గురూ తెర వైపు చూస్తున్నారు గానీ, మా ఆయన చూపు ఒకసారి బావ కాళ్ళ మీదికి వెళ్ళి వచ్చింది. తెలియకుండానే వెళ్ళిందనుకోండి. కానీ బావ చూశాడు. ఆ వెంటనే లేచాడు.

"ఇప్పుడే వస్తాను," అన్నాడు.

ఎవరూ ఆపలేదు. నేను వెనకాలే వెళ్ళాను. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటపడి, మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి బావా? నేనింత యుద్ధం చేసింది ఎందుకు? పద లోపలికి!"

"వద్దమ్మాయ్."

"నువ్వు కూడా నమ్ముతున్నావా ఈ చెత్త? నువ్వు చూస్తే ఎక్కడో యూరప్‌లో ఉన్నవాడి కాలు తడబడుతుందా? బుద్ధుందా నీకు?"

"నమ్మను," అన్నాడు. తరవాత, "ఏమో," అన్నాడు. తరవాత వీధిలోకి చూస్తూ చెప్పాడు. "ఓడిపోతే వాళ్ళు నన్ను ఏమీ అనరు. మంచివాళ్ళే. ఏమీ అనకుండా, నా వంక చూడకుండా, మెల్లగా కుర్చీలు మడుస్తారు. అది నావల్ల కాదమ్మాయ్. ఇక్కడుంటే గెలిచినా ఓడినా తలెత్తుకుని ఉండొచ్చు. గెలిస్తే అందులో నా చెయ్యి కూడా ఉందనుకుంటాను."

లోపలున్న ముగ్గురి మీదా, బావ మీదా, ఊరికే నవ్వులాటకి అన్న మాటని పదకొండేళ్ళు పెరగనిచ్చిన నామీదా కోపమొచ్చింది. బావకి బుద్ధి చెప్దామని నోరు తెరిచాను.

లోపల గది బద్దలైనట్టు కేకలు వినిపించాయి. షట్టరు కింద నుంచి మా ఆయన పాక్కుంటూ వచ్చాడు. "అన్నయ్యా! గోల్! నాలుగో నిమిషంలో!" అని బావని వాటేసుకున్నాడు. బావ మొహం చూడాలి! ఆ గోల్ తనే కొట్టినట్టుంది. అంతలో మా ఆయన నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వెప్పుడొచ్చావు బయటికి?"

"ఆట మొదలవకముందు. అయితే?"

ఆయన చూపు మెల్లగా దిగి నా పాదాల దగ్గర ఆగింది. వెనక నుంచి మాస్టారి తల, దాని పక్కనే నోటు పుస్తకం బయటికొచ్చాయి.

"కదలకు," అన్నాడు మా ఆయన, గుడ్ల మీద పొదిగే కోడితో మాట్లాడినంత నెమ్మదిగా. "ఎలా ఉన్నావో అలాగే ఉండు. ఇంకొక్క గోల్ కావాలి." ఇద్దరూ మళ్ళీ షట్టరు కింద నుంచి మాయమయ్యారు.

ఆ ఇద్దరినీ చొక్కాలతో పాటు యంత్రంలో వేసి పిండెయ్యాలనిపించింది. నేనీ పిచ్చిని నమ్మను. చచ్చినా నమ్మను. ఆ మాటే చెప్పి, లోపలికెళ్ళి, టీవీ ఆపేసి, అందర్నీ తరిమేద్దామనుకున్నాను. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉంది. బావ నా వంక చూశాడు. పదకొండేళ్ళుగా మ్యాచ్ రోజున ఆయన పక్కన ఎవరూ లేరు.

"ఇంకా ఎంతసేపు?" అనడిగాను.

"ఎనభై ఆరు నిమిషాలు. సమానమైతే ఇంకో అరగంట," అని మెట్టు మీద నాకు చోటిస్తూ పక్కకి జరిగాడు. నెమ్మదిగా, పాదాలు ఉన్నచోటే ఉంచి, నడుము మాత్రం వంచి కూర్చున్నాను. బావ అనుమానంగా కిందికి చూశాడు.

"కుడికాలు కదిపావా?"

"లేదు బావా," అన్నాను.