ఆల్చిప్పలు కాల్చిన పంతులమ్మ

డెల్మీరా పోంతెల్లి మా ఊరికి పంతులమ్మగా వచ్చిన కొత్తలో, ఈవిడ చలికాలం దాటేదాకా ఇక్కడ ఉండదని ఊరంతా తేల్చేసింది. రోసారియో నగరంలో పుట్టి పెరిగిన పిల్ల. ఎత్తు మడమల చెప్పులు, ఇస్త్రీ నలగని తెల్లకోటు. కప్ప కనిపిస్తే చాలు, కుర్చీ ఎక్కేసేది. ఏటి గట్టునున్న సాంతా ఎఫిహేనియాలో కప్పలకు కరువేముంది? మొదటి రెండు నెలల పాఠాలు చాలావరకు కుర్చీ మీది నుంచే సాగాయి. నా రొట్టెల బట్టీ బడికి ఎదురుగానే ఉంది కాబట్టి ఆ వినోదం టిక్కెట్టు లేకుండా చూశాను.

చరిత్ర పాఠమంటే ఆవిడకూ విసుగే. పిరమిడ్లు, రోము కోటలు, రాజుల పేర్లు గడగడా చదివేసి పుస్తకం మూసేది. ఒక శుక్రవారం, చేపలు పట్టే రమోన్ కూతురు యమీలా చెయ్యెత్తింది. మా దగ్గర పిల్లలు పంతులమ్మను సెన్యో అంటారు.

"సెన్యో, మన ఊళ్లో ఎప్పుడూ ఏం జరగలేదా?"

"ఇక్కడా? ఇక్కడేం జరుగుతుందే తల్లీ!" అంది డెల్మీరా.

క్లాసంతా నవ్వింది. యమీలా నవ్వలేదు.

మర్నాడు డెల్మీరా గాలి కోసం పరానా ఏటి పైనున్న ఎత్తు గట్టు మీదికి షికారు వెళ్లింది. చెప్పు మడమ విరిగింది. మనిషి జారింది. గట్టు మట్టి మీద కూర్చున్నది కూర్చున్నట్టే సర్రున కింద ఇసుకలోకి దిగింది. కింద వల బాగు చేసుకుంటున్న రమోన్ ఈ సంగతి మా కొట్లో చెప్పినప్పుడు రొట్టెలు కొనడానికొచ్చిన వాళ్లు నవ్వలేక చచ్చారు. అయితే చివర్లో రమోన్ నవ్వు మానేశాడు. "పడ్డావిడ ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. చేతిలోకి చూసుకుంటా కూచుంది" అన్నాడు.

జారేటప్పుడు పట్టు కోసం గట్టులోంచి ఆవిడ పెరికిన వస్తువు ఒక ఆల్చిప్ప. అన్నం పళ్లెమంత ఉంది, రాయిలా బరువుగా ఉంది.

"ఇది ఏటి చిప్ప కాదు కదండీ?" అని అడిగిందట.

"కాదమ్మా. సముద్రపుదని మా నాయన అనేవాడు."

"ఇక్కడ సముద్రం ఎక్కడుంది?"

"ఇప్పుడు లేదు. ఎప్పుడెళ్లిపోయిందో మా నాయన చెప్పలేదు."

సోమవారం డెల్మీరా గుడ్డ బూట్లు వేసుకుని బడికొచ్చింది. ఆల్చిప్పను బల్ల మీద ధబ్బున పెట్టింది. "మొన్న నేనన్న మాట తప్పు. మన ఊళ్లో ఒకప్పుడు ఏకంగా సముద్రమే ఉండేది. లేవండి, పోయి చూద్దాం" అంది. లేవమని పిల్లలకు రెండుసార్లు చెప్పాలా? ఒక్క నిమిషంలో బడి ఖాళీ.

అలా మొదలైంది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ క్లాసు గోడల మధ్య ఉండేది కాదు. గట్టులో ఆల్చిప్పల వరస ఎంత ఎత్తులో ఉందో తాడుతో కొలిచారు. పాత రేవు గొడౌను వెనకాల మట్టి తవ్వి, జల్లెడ పట్టి, నీలం పూలున్న పింగాణీ ముక్కలు ఏరారు. శ్మశానానికి వెళ్లి రాళ్ల మీది పేర్లు చదివి, ఆ ఇంటిపేర్ల వాళ్ల తలుపులు తట్టి "మీ ముత్తాత దేనివల్ల పోయాడండీ?" అని అడిగారు. ఈ ప్రశ్నకు కొందరు కేకలేశారు, ఎక్కువమంది కుర్చీలు వేశారు. రమోన్ పడవలో ఎదుటి లంకకు వెళ్లి, పందికొక్కుకు పెద్దన్నలా ఉండే కార్పించోలు ఏ దారిన నీళ్లలోకి దిగుతాయో బురదలో అడుగులు చూసి కనిపెట్టారు.

కప్పల భయం కూడా ఆ లంకలోనే వదిలింది. యమీలా ఒక బుల్లి ఆకుపచ్చ కప్పను తెచ్చి పంతులమ్మ అరచేతిలో పెట్టింది.

"కళ్లు మూసుకోకండి సెన్యో. దానికి భయమేస్తుంది."

"దానికా భయం?"

"మరి? మీరు దానికంటే ఎంత పెద్దో చూసుకోండి."

డెల్మీరా ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. కప్ప ఆవిడ చేతిని తడిపి మరీ దూకింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తల్లులు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మందుల షాపు గ్రాసియెలా బురద బూట్లు చేత్తో పట్టుకుని తిన్నగా హెడ్మిస్ట్రెస్ సునిల్దా గదిలోకి నడిచింది.

"నేను మావాణ్ణి బడికి పంపుతున్నానా, పందుల దొడ్డికి పంపుతున్నానా? నిన్న రాత్రి భోజనాల దగ్గర మీ తాతను ఎక్కడ పూడ్చారని వాళ్ల నాన్నని అడిగాడు. ముద్ద దిగలేదాయనకి!"

సునిల్దా గారు మంచిదే కానీ బట్టకు మచ్చపడితే ఓర్చుకోలేని మనిషి. డెల్మీరాను పిలిచింది.

"ఏమమ్మా, ఏటి పాఠం ఏట్లోనే చెప్పాలని ఏ పుస్తకంలో రాసుంది?"

"ఏ పుస్తకంలోనూ లేదండీ. ఉంటే చదివేసి ఊరుకునేదాన్ని."

సునిల్దా గారు కాసేపు కిటికీలోంచి చూసి, "సరే, వెళ్లండి. కానీ బూట్లు కడుక్కుని లోపలికి రండి" అంది. అప్పట్నుంచీ గురువారం సాయంత్రం బడి కుళాయి దగ్గర జాతర. నేనూ నూనెలో వేయించి పంచదార చల్లిన రొట్టెలు ఒక తట్టెడు పట్టుకెళ్లేదాన్ని. వ్యాపారానికి కాదు, వాళ్లు ఆ రోజు ఏం దొరకబుచ్చుకున్నారో వినడానికి.

రెండో ఏడు ఏరు బాగా తీసింది. ఎన్నడూ చూడని ఇసుక దిబ్బలు పైకి తేలాయి. వాటి నిండా చచ్చిపోయిన ఏటి చిప్పలు, నడిస్తే కాళ్ల కింద కరకరమనేవి. అవి చూసి యమీలాకు అనుమానమొచ్చింది. ఊరి చివర కూలిపోయిన సున్నపు బట్టీలున్నాయి. ఒకప్పుడు మా ఊరి సున్నం పడవలకెక్కి రాజధాని దాకా వెళ్లేదని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. కానీ సున్నం చేయడం చూసినవాళ్లు ఊళ్లో లేరు.

"ఈ చిప్పల్ని కాలిస్తే సున్నమవుతుందా సెన్యో?"

"అవుతుందని పుస్తకంలో ఉంది."

"అయితే మనం చేద్దాం."

డెల్మీరా వెంటనే ఊ అనలేదు. నిప్పు, సున్నం, పిల్లలు. సునిల్దా గారి దగ్గర అనుమతి, తల్లిదండ్రుల దగ్గర సంతకాలు, మంట దగ్గర కాపలాకు పెద్దవాళ్లు, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు, ఇన్నీ కుదిరాక గానీ మొదలుపెట్టలేదు. గట్టులోని సముద్రపు ఆల్చిప్పల్ని ముట్టుకోవద్దంది. "అవి ఇంకొకళ్లు కూడా చూడాలి. ఏటి చిప్పలే ఏరండి" అంది. పాత బట్టీల పక్కనే, కూలిన ఇటుకలతో, నడుమెత్తు చిన్న బట్టీ కట్టడం మొదలెట్టారు.

అప్పుడు దిగాడు సిప్రియానో, పెద్దాయన కాబట్టి మాకు డోన్ సిప్రియానో. ఎనభై దాటిన మనిషి, చేతిలో కర్ర, నెత్తిన బెరెట్ టోపీ. "మా నాన్న ఈ బట్టీల్లో మేస్త్రీ. నాకు తెలీని సున్నమా?" అంటూ ముక్కాలి పీట వేసుకుని, మాతే కషాయం పీలుస్తూ, హుకుంలు జారీ చేశాడు. "కింద కంత పెట్టమాకండి! వేడి కారిపోద్ది. అన్నీ మూసెయ్యండి. మంటని బంధించాలి!"

ఆయన చెప్పినట్టే మూశారు. కట్టె ఒక వరస, చిప్పలు ఒక వరస పేర్చి అంటించారు. పొగ వచ్చింది. అబ్బో, ఎంత పొగ! గ్రాసియెలా ఆరేసుకున్న దుప్పట్లన్నీ పొగబారాయి. మర్నాడు బట్టీ విప్పితే చిప్పలు బొగ్గులా నల్లగా, గట్టిగా ఉన్నాయి. బకెట్టు నీళ్లలో వేస్తే బుడుంగుమని మునిగాయి. అంతే.

"ఏం అవట్లేదేంటి తాతా?" అన్నాడు ఒక కుర్రాడు.

"నీళ్లు మంచివి కావు" అన్నాడు డోన్ సిప్రియానో.

పిల్లలు డీలా పడ్డారు. డెల్మీరా పడలేదు, పైపెచ్చు హుషారెక్కింది. "తాతను అడిగాం. ఇప్పుడు బట్టీని అడుగుదాం. పాత బట్టీలో ఏముందో, మనదాంట్లో ఏం లేదో చూసి రండి" అంది. పిల్లలు పాత బట్టీ చుట్టూ చీమల్లా పాకారు. తుప్పల్లో దూరిన యమీలా తల బట్టీ అడుగున, ఏటివైపున్న వంపు కన్నంలోంచి బయటికొచ్చింది. జుట్టు మొహం మీదికి ఎగురుతోంది.

"సెన్యో! గాలి ఇందులోంచి కొడుతోంది! ఏటి గాలి మొత్తం లోపలికొస్తోంది!"

బట్టీకి ముక్కు ఉండాలన్న సంగతి అలా తెలిసింది. డెల్మీరా అందరినీ ఒక్కొక్కరుగా ఆ కన్నం దగ్గర చెయ్యి పెట్టి చూడమంది. తర్వాత తమ బట్టీ విప్పి, ఏటివైపు కన్నం పెట్టి మళ్లీ కట్టారు. ఈసారి రమోన్ న్యాందుబాయ్ కట్టె తెచ్చాడు, మా దగ్గర దానికంటే గట్టిగా కాలేది లేదు. దక్షిణపు గాలి తిరిగిన రోజు చూసి పొద్దున్నే అంటించారు. మంట ఉరిమింది. రొట్టెల బట్టీతో జీవితం గడిపిన నేనే రెండడుగులు వెనక్కి వేశాను. పెద్దవాళ్లం వంతులేసుకుని మంట చూసుకున్నాం. పిల్లలు తాడు అవతల నిలబడి కేరింతలు కొట్టారు.

చల్లారాక తీస్తే చిప్పలు పాలలా తెల్లగా, అప్పడాల్లా తేలిగ్గా ఉన్నాయి. డెల్మీరా అందర్నీ వెనక్కి జరిపి, అద్దాలు పెట్టుకుని, పొడవాటి పటకారుతో ఒక చిప్పను నీళ్లలోకి వదిలింది.

ఏమీ కాలేదు. ఎవరో నిట్టూర్చారు కూడా.

అంతలో చుయ్యిమంది. చిప్ప పగిలింది, విచ్చుకుంది, పొయ్యి లేకుండానే నీళ్లు కుతకుతా ఉడికి ఆవిరి లేచింది. పిల్లలు పెట్టిన అరుపుకి ఏట్లో కొంగలు లేచిపోయాయి. సునిల్దా గారు హోదా మర్చిపోయి గ్రాసియెలా భుజం గట్టిగా పట్టుకుంది.

"నేను ముందే చెప్పలా?" అన్నాడు డోన్ సిప్రియానో.

"మీరు మూసెయ్యమన్నారు తాతా!" అని క్లాసంతా ఒక్కసారే అంది.

అందరూ నవ్వారు. ముసలాయన మొహం మాడింది. కర్ర తీసుకుని లేచాడు. డెల్మీరా వెనకాలే వెళ్లి, గట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. నేను రొట్టెల తట్టతో అక్కడే ఉన్నాను.

"డోన్ సిప్రియానో, నిజం చెప్పండి. మీ నాన్నగారు మంట వేయడం మీరు చూశారా?"

ఆయన ఏటివైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "లేదమ్మా. నేను మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేవాణ్ణి. మంట దగ్గరికి రానిచ్చేవాడు కాదు. దూరంగా కూచోబెట్టేవాడు" అన్నాడు.

"దూరం నుంచి ఏం కనపడేది?"

"ఏముంది... కళ్లకు తడి గుడ్డలు కట్టుకునేవాళ్లు. సాయంత్రం బయటికొస్తే నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా ఉండేవాళ్లు. అందరూ ఒక్కలాగే. మా నాన్నెవరో తెలిసేది కాదు. దగ్గితే పోల్చుకునేవాణ్ణి."

డెల్మీరా ఆయనవైపు జరిగి కూర్చుంది. తర్వాత, "ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లలకు చెబుతారా?" అని అడిగింది.

"ఇదా? ఇదేం చరిత్రమ్మా?"

"ఇదే."

ఆయన తిరిగొచ్చి పీట మీద కూర్చుని చెప్పాడు. ఈసారి హుకుంలు లేవు. అద్దాలు ఎందుకు పెట్టుకోవాలో ఆ రోజు పిల్లలకు మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

సున్నాన్ని గుంటలో నానబెట్టి, వారాల తరబడి మగ్గనిచ్చి, వసంతం రాగానే బడి గోడకు వెల్ల వేశారు. ఆ పనికి ఊరు ఊరంతా కదిలింది. గ్రాసియెలా తొడుగులు వేసుకుని, కుంచె పట్టుకుని, ఎవరూ అడగకుండానే తలుపు పక్క గోడ తనదని ప్రకటించింది. సునిల్దా గారు కొత్త కోటుతో పర్యవేక్షణకు వచ్చి, నిచ్చెన కింద నిలబడింది. ఎక్కడ నిలబడకూడదో సరిగ్గా అక్కడే. తెల్లటి సున్నం భుజం మీద నుంచి కారుతుంటే కుంచెలు ఆపి చూశాం. ఆవిడ కోటు వంక చూసుకుంది, గోడ వంక చూసింది. "గోడకి ఇంకో పూత పడాలి" అంది.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. డోన్ సిప్రియానో బతికినన్నాళ్లూ ప్రతి వసంతం ఆ పీట మీద కూర్చున్నాడు. యమీలా ఇప్పుడు పరానా నగరంలో మ్యూజియంలో పనిచేస్తోంది. ఇంటికొచ్చినప్పుడల్లా నా కొట్లో నిలబడి గంటసేపు మాట్లాడుతుంది, కొనేది మాత్రం ఒక్క రొట్టె. చుట్టుపక్కల ఊళ్ల బళ్లు కూడా బస్సులేసుకుని మా గట్టుకు వస్తున్నాయి.

డెల్మీరా ఉద్యోగం నుంచి దిగిపోయింది కానీ గురువారాల నుంచి దిగలేదు. మోకాళ్లు సహకరించవు. గట్టు కింద ఇసుకలో గుడ్డ కుర్చీ వేసుకుని, పెద్ద టోపీ పెట్టుకుని కూర్చుంటుంది. పిల్లలు దొరికిందల్లా తెచ్చి ఆవిడ ఒళ్లో పోస్తారు. మొన్న పక్కూరి నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల, పాలపళ్లు ఊడిన నోటితో, పిడికిలి బిగించుకుని పరుగెత్తుకొచ్చింది.

"సెన్యో, ఇది ఎముకేనా?"

డెల్మీరా దాన్ని తీసుకోలేదు. "ఎక్కడ దొరికింది?"

"అక్కడ."

"అక్కడంటే? దాని పై పొరలో ఏముంది? కింద పొరలో ఏముంది?"

పిల్ల ఆలోచించింది. తేలలేదు. ఇక ఆవిడ చెయ్యి పట్టుకుని లాగడం మొదలెట్టింది. "మీరే వచ్చి చూడండి. పదండి, పదండి!"

"ఆగవే, మోకాళ్లు రావాలి కదా" అంటూ లేచింది డెల్మీరా.