దొంగకు సాయం పిలిచిన అలారం

కిందటేడు తార్నాకలో మా అపార్ట్‌మెంట్ కిందే నా స్కూటీ పోయింది. కొత్తది కొన్నాక, స్తంభానికి కట్టేసే లావుపాటి గొలుసు కొందామంటే మా ఆయన వినలేదు. "ముట్టుకుంటే చాలు మేడం, గల్లీ అంతా లేస్తది" అన్న షాపువాడి మాట నమ్మి అలారం తాళమే కొనిపించారు.

నేను యూనివర్సిటీ ఆఫీసులో పనిచేస్తాను. ఆ వారమే ఒక మధ్యాహ్నం, ఆఫీసు కింద పార్కింగ్‌లో అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. పరుగెత్తి వెళ్తే, ఎవడో నా బండిని ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తున్నాడు. వెనక నుంచి ఇద్దరు స్టూడెంట్లు తోస్తున్నారు!

"ఒరేయ్, అది నా బండిరా!"

నా అరుపుకి వాడు బండి వదిలేసి ట్రాలీతో ఉడాయించాడు.

"సారీ ఆంటీ! 'లాక్ పట్టేసింది, మెకానిక్ దగ్గరికి తీస్కపోవాలె, జర చెయ్యి పెట్టుండ్రి' అన్నడు. దొంగయితే గింత లొల్లిల నిలబడి సాయం అడుగుతడా?" అన్నాడొక స్టూడెంటు.

"బండి ఎవరిదని అడగడానికి నోరు లేదా నాయనా?"

ఇంటికొచ్చి చెబితే, "చూశావా, అలారం పనిచేసింది!" అన్నారు మా ఆయన. ఒళ్లు మండి అప్పటికప్పుడే వెళ్లి గొలుసు కొన్నాను. అరవడానికి నేనున్నాను, బండిని కదలకుండా పట్టుకునేదే నాకు కావాలి.