ఎడమవైపు అరిగిన పలక

మగ్గం మోత వినిపిస్తున్నంత కాలం మనిషి బాగున్నట్టేనా? ఏళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. పోయిన నెల ధర్మవరంలో మా మేనత్త గుండె ఆగి చనిపోయింది. అడుగుదామంటే ఇప్పుడు ఆమె కూడా లేదు.

ఇంటి ముందు కూర్చున్నవాళ్లంతా ఒకటే మాట. "మహాతల్లి, ఎంత నొప్పున్నా నోరెత్తలే." మెచ్చుకోలుగానే అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె నోరెత్తలేదా, మనం వినలేదా?

పన్నెండేళ్ల కిందట కదిరి నుంచి వస్తుంటే ఆటో బోల్తాపడి, అత్త కుడి తుంటి నేలకు కొట్టుకుంది. కట్టు కట్టే ఆయన తొడ చుట్టూ వెదురు బద్దలు పెట్టి బిగించాడు. విరిగింది తొడ కాదు, లోపల తుంటి బంతి కూర్చునే గిన్నె. దానికి పైకట్టు ఏం చేస్తుంది? ఎమ్మే చదివిన నేనే ఆమె కాలు కదలకుండా పట్టుకున్నాను.

నెలన్నరకు చెరో రెక్కా పట్టుకుని ఆమెను మగ్గం గుంటలోకి దింపాం. కూర్చోవడానికి కొత్త పలక కూడా వేయించాం. కాళ్లు గుంటలో తొక్కుడు చెక్కల మీద, ఒళ్లు పలక మీద. కూర్చున్న మనిషి కుంటడం ఎవరికి కనిపిస్తుంది?

"ఎక్స్‌రే తీయిద్దాం మామా" అన్నాను ఒకసారి.

"మగ్గం ఆడతాండాది కదమ్మా, ఇంగ యాడ నొప్పి?" అన్నాడు మామ.

లోపలి నుంచి అత్త అందుకుంది. "మీ మామకు నా కాలు యాడ కనపడతాది, చీర కనపడతాది గానీ!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఎక్స్‌రే మాట నాలుగేళ్లు మునిగిపోయింది. నేను లెక్చరరుగా చేరిన రోజు కట్టుకున్న వక్కరంగు చీర ఆ నాలుగేళ్లలో నేసిందే. అంచులో ఒక్క పోగు తప్పలేదు.

అడుగు పడని రోజు వచ్చాకే అనంతపురం తీసుకెళ్లాం. సర్జన్ కసిరాడు. "ఇన్నేండ్లు ఏం చేస్తాంటిరి? కొత్త గిన్నె బిగించేదానికి ఈడ ఎముకే లేదు." చివరికి ఆమె తుంటి బంతినే కోసి తీసి, ముక్కలు చేసి, ఆ గుంతలో కూరి, దానిమీద కొత్త తుంటి అమర్చాడు. ఆ ఎముక కుదురుకునేదాకా నెలల తరబడి కాలు మోపనివ్వలేదు.

అత్త మాత్రం వాకర్ పట్టుకుని నవ్వింది. "తెగిన పోగుకు అదే పట్టుతో అతుకేస్తాం గదా. డాక్టరుకూ మా పనే వచ్చునే!"

ఆ తర్వాత చక్కగా నడిచింది. కానీ గుంటలోకి దిగకూడదన్నారు. మగ్గం ఆగింది. అప్పటికి గానీ మామకు ఆమె కాలు కనపడలేదు.

అత్త పోయిన పదకొండో రోజు మగ్గం గదిలోకి వెళ్లాను. పలక ఎడమ సగం అద్దంలా నునుపు తేలింది. కుడి సగం వడ్రంగి చెక్కినప్పటిలా గరుకుగానే ఉంది. నాలుగేళ్లు ఒంటి తుంటి మీద కూర్చుని నేసింది.

ఆ రోజుల్లో మోత కూడా అలాగే ఉండేది, ఎడమ కాలు తొక్కిన దెబ్బ గట్టిగా, కుడి కాలు తొక్కిన దెబ్బ మెత్తగా. అది అప్పుడే విని ఊరుకున్నానా, పలక చూశాక ఇప్పుడు వింటున్నానా? తేల్చుకోలేకపోతున్నాను.