సేఫ్ మోడ్‌లో మా అత్త పాట

మొన్న మా బడి ఆఫీసు గదిలో కంప్యూటర్ మొరాయించింది. కొత్తగా చేరిన కంప్యూటర్ టీచరమ్మ వచ్చి, ఏవో మీటలు టకటకా నొక్కి, "సేఫ్ మోడ్‌లో తెరిచి చూద్దాం మేడమ్" అంది. తెర ఒకసారి నల్లబడింది. తర్వాత నాలుగు మూలలా ఆ రెండు మాటలే తెల్లటి అక్షరాలతో కనబడ్డాయి. హాజరు కాగితాలు తీసుకుపోదామని వచ్చి నిలబడ్డదాన్ని, కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. ఎండకు కళ్ళు తిరిగాయేమోనని ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగేసి కాగితాలు అందుకున్నాను. అంత కథ అక్కడ చెప్పడానికి కుదరదు, పైగా బెల్లు కొట్టేశారు.

నాది గిద్దలూరు. పెళ్ళయ్యాక పెద్దారవీడు దగ్గరి ఊరికి కోడలిగా వెళ్ళాను. మా అత్తా మామా ఇద్దరూ కూలి పనికి పోయేవాళ్ళు. మా ఆయన ఆటో తోలేవాడు. మా ఆడబిడ్డ నాకంటే బాగా చిన్నది. ఇంటర్ అయ్యాక మార్కాపురంలో టైపింగ్ నేర్చుకుని, బస్టాండ్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. కొన్నాళ్ళకు ఆ సెంటర్ ఎత్తేస్తూ, యజమాని ఒక పాత కంప్యూటర్ ఆమెకు ఇచ్చేశాడు. అది మా ఆయన ఆటోలోనే ఇంటికి వచ్చింది. మానిటర్‌ను మా అత్త ఒళ్ళో పెట్టుకుని, మీద కొంగు కప్పి, పురిటి బిడ్డను ఇంటికి తెచ్చుకున్నంత జాగ్రత్తగా తెచ్చింది. దారిలో గుంతలు వచ్చినప్పుడల్లా కొడుకును తిట్టిందట. వీధిలో వాళ్ళు టీవీ అనుకుని సాయంత్రం సీరియల్ చూద్దామని వచ్చి, సంగతి తెలిసి నిరాశగా వెళ్ళిపోయారు.

ముందు గదిలో ఒక మూల బల్ల వేసి దాన్ని నిలబెట్టాం. మా అత్త తన పాత చీర చింపి దానికి గలీబు కుట్టింది. మా ఆడబిడ్డ దాని మీద పెళ్ళి కార్డులు, చర్చిలో క్రిస్మస్‌కు పంచే పాటల కాగితాలు కొట్టిచ్చేది. మా మామ మాత్రం దాని దగ్గరికి వచ్చేవాడు కాదు. "నా కాళ్ళంతా దుమ్మమ్మా, దానికి పడదంట" అని గడప బయటే మంచం వేసుకుని కూర్చునేవాడు. మా అత్తకు అలాంటి మొహమాటాలేమీ లేవు. పనినుంచి వచ్చి స్నానం చేసి, చేటలో కందులు పోసుకుని బల్ల పక్కనే కూలబడి రాళ్ళు ఏరేది. కూతురు టైపు చేస్తుంటే, "అంతసేపు కొట్టినావు, దానికి నొప్పి పుట్టదా?" అనేది. కరెంటు పోయి యూపీఎస్ కీచుకీచుమంటే, "పాపం, ఆకలైతాంది దానికి" అనేది. ఆమె నిజంగా అన్నదో, మమ్మల్ని నవ్వించడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

మా అత్త గొంతు చాలా బాగుండేది. చర్చిలో ఆడవాళ్ళ వైపు పాట ఎత్తుకునేది ఆమే. అయితే నాకు ఇష్టమైనవి ఆమె చేలో పాడే పాటలు. పత్తి తీసేటప్పుడు పాడుకునే పాట ఒకటుండేది. అది ఎవరు కట్టారో తెలియదు, కొంత ఆమే కలిపి ఉంటుంది. చేను గట్టున చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తుంటుంది, తల్లి సాలు చివరిదాకా పోయి తిరిగి రావాలి. ఏడవకు, ఇదిగో వస్తున్నా, ఇదిగో వస్తున్నా అని ఆ సాలు పొడుగునా పాడుతుంది. ఆ ఉయ్యాలలో బిడ్డ మా ఆడబిడ్డే. ఒక ఆదివారం, ఆ పాటను కంప్యూటర్‌లోకి తీసుకుందామని ఆమె తల్లిని కూర్చోబెట్టి మైకున్న హెడ్‌ఫోన్ చేతికిచ్చింది. "ఇది యాడ పెట్టుకోవాల? చెవులోనా, నోట్లోనా?" అని అత్త నవ్వడం మొదలుపెడితే, ఆ నవ్వు ఆగడానికే చాలాసేపు పట్టింది. చివరికి కళ్ళు మూసుకుని పాడింది. నేను తలుపు వారగా నిలబడి విన్నాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే మా అత్త పోయింది. జ్వరమని పడుకుంది, మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాం, తిరిగి మాటాడే మనిషిగా ఇంటికి రాలేదు. ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలిసేది కాదు. నేను పొయ్యి దగ్గరికి పోతే ఉప్పు డబ్బా ఆమె పెట్టిన చోటే ఉండేది, దాన్ని జరపడానికి చెయ్యి వచ్చేది కాదు. మా ఆడబిడ్డ రోజూ సాయంత్రం దీపాల వేళకు కంప్యూటర్ ఆన్ చేసి ఆ పాట పెట్టేది. మేమిద్దరం వినేవాళ్ళం. మామ బయట మంచం మీద అటు తిరిగి పడుకుని ఉండేవాడు. నిద్రపోతున్నాడనే అనుకునేవాళ్ళం.

ఇంతలో మా ఆయన, చెల్లెలి దిగులు పోగొడదామని, స్నేహితుడి దగ్గర ఒక సీడీ తెచ్చి అందులోది కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పని ఆపితే తెరంతా చేపలు ఈదే బొమ్మలు వస్తాయట. ఆ సాయంత్రం చేపలు ఈదాయి కూడా. మర్నాటి నుంచి కంప్యూటర్ తెరుచుకోలేదు. ఆన్ చేస్తే కంపెనీ పేరు వరకు వచ్చి, తెర నీలంగా మారి, దానంతటదే ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఎన్నిసార్లు చేసినా అంతే. మా ఆయన ముఖం చూడలేకపోయాను. మార్కాపురంలో బాగుచేసే అతను చూసి, "రికవరీ కొడితే కొత్తదాని మాదిరి అయితాదమ్మా. కాకుంటే లోపల ఉన్నదంతా పోతాది" అన్నాడు. మా ఆడబిడ్డ కంప్యూటర్ డబ్బాను చంకలో పెట్టుకుని వచ్చేసింది. అతను మంచివాడు, వెనకనే ఆటో దాకా వచ్చి, ముందు సేఫ్ మోడ్‌లో ప్రయత్నం చేసి చూడమని, ఎలాగో చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం నేను దీపం వెలిగిస్తుంటే, బయటినుంచి మామ అన్నాడు:

"ఏమ్మా, ఈ పొద్దు గూడా పాట పెట్టలేదే?"

నా చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. అన్ని సాయంత్రాలూ ఆయన మేలుకునే ఉన్నాడన్నమాట.

ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఆడబిడ్డ బల్ల ముందు కూర్చుంది. ఆన్ చేసిన వెంటనే, పేరు కనబడకముందే, పైవరుసలో ఒక మీట నొక్కుతూ ఉండాలి. కాస్త ఆలస్యమైతే చేజారిపోతుంది. చాలాసార్లు జారిపోయింది. మధ్యలో కరెంటు కూడా పోయింది. చివరికి ఎప్పటికో నల్ల తెర మీద వరుసలుగా అక్షరాలు వచ్చాయి. "సేఫ్ మోడ్ అంటే ఏంది?" అని అడిగాను. "జ్వరమొచ్చినోళ్ళకి ఉత్త గంజి పోస్తాం సూడు వదినా, అట్ల. బతకడానికి కావాల్సినంత వరకే లేస్తాది" అంది. నిజంగా అలాగే లేచింది. రంగులు వెలిసిపోయి, అక్షరాలు ఇంతింత లావు. మేం పెట్టుకున్న పూల బొమ్మ లేదు. ఆమె ఫోల్డర్ తెరిచింది. అందులో పాట దగ్గర 'అమ్మ' అని రాసి ఉంది. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

దాని మీద నొక్కితే ఏ చప్పుడూ రాలేదు.

మామ లేచి గడప దాకా వచ్చి నిలబడ్డాడు. "ఉండాదా?"

"ఉండాది నాయనా."

"మరి పలకదే?"

"ఇట్ల తెరిచినప్పుడు దీనికి సౌండ్ రాదు నాయనా. పేరు కనబడతాది, అంతే."

ఆయన దూరం నుంచే ఆ పేరు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకు చదువు రాదు. అయినా ఎక్కడ ఉందో వేలుపెట్టి చూపించమన్నాడు.

పాస్టరయ్య దగ్గర పెన్ డ్రైవ్ అడిగి తెచ్చి పెట్టాం, పాట అందులోకి తీసుకుంటే బెంగ ఉండదని. ఆ మోడ్‌లో కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇక మిగిలింది ఒకటే, కంప్యూటర్‌ను బాగున్న రోజుకు వెనక్కి తీసుకుపోవడం. దానికి తెర మీద ఒక క్యాలెండర్ వచ్చింది. వెనక్కి పోవడానికి వీలున్న తేదీలు అందులో ముదురుగా కనబడతాయి. ఒక్కటే ఉంది. మా ఆడబిడ్డ దాన్ని చూసి మీటల మీదినుంచి చేతులు తీసేసింది.

"ఏమైంది?" అన్నాను.

"ఇది పాట తీసుకోకముందు రోజు వదినా. అప్పటికి అమ్మ ఇంట్లోనే ఉండె."

సొంత ఫైళ్ళు ఎక్కడికీ పోవని తెర మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఆమె చదివింది, నా చేత చదివించింది, మా ఆయన వస్తే ఆయన చేత కూడా చదివించింది. అయినా నమ్మకం కుదరలేదు. పాట పుట్టని రోజుకు పోయాక పాట ఎలా ఉంటుంది? "వద్దు వదినా, పలకకపోయినా ఇట్లనే ఉండనీ. పేరన్నా చూసుకుంటా" అని ఏడ్చింది. మా ఆయన తన తప్పేనని గోడకు ఆనుకుని తల దించుకున్నాడు.

అప్పుడు మామ లోపలికి వచ్చాడు. ఆ గదిలో కంప్యూటర్ పెట్టాక ఆయన గడప దాటడం అదే మొదలు. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"నొక్కమ్మా. అది ఆ పొద్దుకి పోయి రానీ. మనం ఎట్లాగూ పోలేం గదా."

ఆమె కళ్ళు తుడుచుకుని నొక్కింది. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతూ పోయింది. కరెంటు పోకుండా చూడు తండ్రీ అని నేను ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచింది. మా పూల బొమ్మ వచ్చింది. చేపలు లేవు. 'అమ్మ' ఉంది. నొక్కగానే మొదట ఆ నవ్వు వినబడింది, ఆ తర్వాత పాట. చెట్టుకొమ్మ, ఉయ్యాల, ఇదిగో వస్తున్నా అన్న ఆ మాట. ఆఖరున పాట సగంలో ఆపి, "ఇంక చాల్లే, పొయ్యి మీద పప్పు మాడతాంది" అంటుంది. మామ నేల మీద చతికిలబడి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. అయిపోయాక, "ఇంకోసారి పెట్టు" అన్నాడు. మా ఆయన వాకిట్లోకి వెళ్ళి ఆటో తుడవడం మొదలుపెట్టాడు, శుభ్రంగా ఉన్నదాన్నే.

అప్పటినుంచి మామ రోజూ లోపలికే వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని, అత్త కూర్చునే చోట కాకుండా కొంచెం పక్కగా కూర్చునేవాడు. కొన్నాళ్ళకు పాట కాగానే మాటలు కూడా వచ్చేవి. ఏ చేలో ఎవరెవరు కూలికి వచ్చేవాళ్ళు, వాన వస్తే అందరూ ఎక్కడ తలదాచుకునేవాళ్ళు, కొత్తలో మా అత్త ఆయనతో ఎన్నాళ్ళు మాటాడలేదు, అన్నీ. అంతకు ముందు ఆయన నాతో అన్ని మాటలు మాటాడి ఎరగడు. కుక్కర్ విజిల్స్ వస్తున్నా లేవబుద్ధి అయ్యేది కాదు.

మా ఆడబిడ్డ పెళ్ళయి దర్శి వెళ్ళిపోయింది. మామ కూడా పోయి చాలా ఏళ్ళయింది. పాట ఇప్పుడు మా అందరి ఫోన్లలోనూ ఉంది. మా ఆయన ఆటోలో పెట్టుకుంటాడు, నేను బస్సులో వింటాను. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ పలుకుతుంది. దానికేం కొరత లేదు. కొరతల్లా ఆ గదిది, ఆ నలుగురిది. పనులు తెమలకముందే చీకటి పడిపోతోందని ఆ రోజుల్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, నా బతుకులో అంత పొడుగాటి సాయంత్రాలు మళ్ళీ రాలేదు.