బావగారి తిట్ల వైద్యం

మా బావగారికి ఒకటే జబ్బు. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేసినా, దానికి పదింతలు కలిపి ఆ రెండోవాళ్ళను తిడతారు. ఇలాంటి నోరున్న మనిషి ఎంచుకున్న వృత్తి భార్యాభర్తలకు కౌన్సెలింగ్!

టైలర్ షాపు పైన చిన్న గది, మూడు కుర్చీలు. "మా ఆయన గురక పెడతాడండీ" అని ఒకావిడ అంటే, "గురకేనా? మొహం చూస్తేనే తెలుస్తోంది, మనిషే దండగ!" అనేవారు. ఆవిడ కస్సున లేచి, "మా ఆయన్ని అనడానికి మీరెవరు?" అంటూ మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయేది. వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ వచ్చిన పాపాన పోలేదు. వీధిలో ఎదురైతే మొహం తిప్పుకునేవారు.

చివరికి మా కాపురమూ ఆ గదికే చేరింది. ఇంట్లో మాటలు ఎప్పుడో ఆగిపోయాయి. గ్యాస్ అయిపోయిందన్నా ఫోన్లో మెసేజే, అదీ పక్క గదిలోంచి. విడాకులకు లాయరును చూసుకుంటుంటే, "ముందు మీ బావ దగ్గర కూర్చోండిరా" అని అక్క పట్టుబట్టింది. పోయి పోయి ఆ నోటి దగ్గరికా అని నాకు ఒళ్ళు మండింది.

"చెప్పమ్మా" అన్నారు బావగారు.

"ఈయన మాట్లాడరు అన్నయ్యగారూ. గోడతో కాపురం చేస్తున్నట్టుంది" అంది మా ఆవిడ.

"గోడే నయం! మేకు కొట్టి కేలండరైనా తగిలించుకోవచ్చు. వీడు దేనికీ పనికిరాడు."

నన్ను వెనకేసుకొస్తుందేమోనని ఆశగా చూశాను.

"నిజమే" అంది.

నా ప్రాణం ఉసూరుమంది. బావగారు కూడా ఒక్క క్షణం తడబడి, నా వైపు తిరిగారు.

"నువ్వు చెప్పరా."

"ఎప్పుడు చూసినా ఏడుస్తుంది."

"దొంగ ఏడుపు! అంతా నాటకం. నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, ఈ అమ్మాయి..."

"నోర్ముయ్ బావా! వాళ్ళ నాన్న పోయినప్పట్నుంచి ఏడుస్తోంది. ఎలా ఓదార్చాలో తెలీక నేనే నోరు మూసుకు కూర్చున్నా. దాన్ని నాటకమంటావా?"

మా ఆవిడ నా వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. బ్యాగు భుజాన వేసుకుని, "పదండి. ఈయన మొహం మళ్ళీ చూడొద్దు" అంది.

దారంతా ఆయన్ని దుమ్మెత్తిపోశాం. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఇన్నాళ్ళకు ఒక విషయం దొరికింది.

సాయంత్రం బావగారే ఫోన్ చేశారు.

"బాగా తిట్టుకున్నారా నన్ను?"

"దారంతా."

"ఇద్దరూ కలిసేనా?"

"కలిసే."

"హమ్మయ్య! అయితే అందరిలాగే మీరూ ఇక నా గుమ్మం తొక్కరన్నమాట. మీ అక్కకి నేను చెప్పుకుంటాలే" అని పెట్టేశారు.

అప్పుడు గాని నాకు సంగతి అర్థం కాలేదు.

"ఎవరండీ ఫోన్లో?" అంది మా ఆవిడ.

నిజం చెబితే ఇంకేముంది, మందు పనిచేయదు.

"ఇంకెవరు, ఆ నోటిదూల మనిషే!" అన్నాను.

"సిగ్గు లేదూ ఆయనకి?" అంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం.