జవాబు వచ్చేదాకా

టీచరమ్మ పోయిందని దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను కర్రీ పాయింట్‌లో టమాటా పప్పుకు తాలింపు వేస్తున్నాను. "ప్రశాంతంగా పోయారు మేడమ్, నిద్రలోనే" అంది నర్సు. నాకు ఒళ్ళు మండింది. ఆ మనిషి బతుకులో ఏ పనీ ప్రశాంతంగా చేయలేదు. అన్నం కూడా కొట్లాడినట్టే తినేది. నిమ్ము చేసి ఐసీయూలో పడుకున్నప్పుడు సైతం సూది గుచ్చడానికి వచ్చిన పిల్లను "ముందు చేతులు కడుక్కోవే" అని కసిరింది. అలాంటిది ఎవరినీ తిట్టకుండా వెళ్ళిపోయిందట! తాలింపు మాడింది. ఆ రోజు పప్పు పట్టుకెళ్ళిన ఐటీ పిల్లలు ఒక్కరూ ఏమీ అనలేదు. వాళ్ళకు మాడినా ఒకటే, మాడకున్నా ఒకటే.

ఆమె మా ఇంట్లో పైవాటాలో కిరాయికి ఉండేది. మాది పుప్పాలగూడ. మా మామ కట్టిన పాత ఇల్లు, ముందు నా కర్రీ పాయింట్, వెనక కాస్త పెరడు. చుట్టూ తలెత్తి చూస్తే మెడ పట్టేసే టవర్లు. ఆమెది తెనాలి వైపు. భర్త ఉద్యోగం కోసం జపాన్ వెళ్ళి, అక్కడ ఉత్తరాన కొండల్లో ఒక పల్లెటూళ్ళో సగం జీవితం గడిపింది. భర్త పోయాక తిరిగొచ్చి, ఇక్కడి కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలకు జపాన్ భాష నేర్పేది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు వంటగది చూడలేదు, కుళాయి తిప్పలేదు. నేరుగా పెరట్లోకి నడిచి, పిడికెడు మట్టి తీసి వాసన చూసింది.

"పెరడు కూడా ఇస్తారా అండి?"

"దాంట్ల ఏమున్నది టీచరమ్మా, రాళ్ళు, ముళ్ళు. తీస్కోండ్రి" అన్నాను.

చలి ఇంకా సరిగ్గా దిగనేలేదు, పెరట్లో యుద్ధం మొదలైంది. ఒక పొద్దున టకటకా చప్పుడు వినిపించి పరుగెత్తాను. మా మామ పెట్టిన జామచెట్టు సగానికి సగం నేల మీద ఉంది. టీచరమ్మ కొంగు నడుముకు చుట్టి, కత్తి పట్టుకుని నిచ్చెన మీద ఉంది.

"ఏంది టీచరమ్మా, పచ్చటి చెట్టును గిట్ల నరికిన్రు!"

"నరక్కపోతే కొమ్మలు ఒకదాన్నొకటి పొడుచుకు చస్తాయండి. చలికాలం చెట్టు నిద్రలో ఉంటుంది. కొట్టేదేదో అప్పుడే కొట్టాలి."

"నిద్రవోయేటోళ్ళను కొడ్తరా ఎవరన్న?"

ఆమె పకపకా నవ్వి ఇంకో కొమ్మ దించింది. చాలా రోజులు నేను మాట్లాడలేదు. మరుసటి ఏడు ఆ చెట్టు కాసిన కాపుకు కొమ్మలు నేలకు వంగాయి. నోరు మూసుకుని ఒక బుట్టెడు జామకాయలు పైకి పంపాను. అప్పటి నుంచి నేను ఆమెకు 'అమ్మాయ్' అయ్యాను.

ముల్లంగితో కూడా అంతే. విత్తనాలు చల్లేది, మొలకలు వేలెడు ఎదగగానే కూర్చుని కసకసా పీకి పారేసేది. జాలి లేదు, దయ లేదు. "అన్నిటినీ బతకనిస్తే ఒక్కటీ బతకదు అమ్మాయ్" అనేది. మిగిలినవి మాత్రం నా మోచేతంత లావున ఊరేవి. వాటిని తాళ్ళకు కట్టి పైవాటా వరండాలో వరసగా వేలాడదీసేది. ఆ జపాన్ పల్లెలో చలికాలం వస్తే ప్రతి చూరు కిందా ఇవే వేలాడతాయట. మా వీధిలో వాళ్ళు మాత్రం దిష్టికి కట్టామనుకుని, ఏ స్వామి చెప్పాడని నన్ను అడిగి పోయేవారు. వడలిన ముల్లంగిని తవుడులో, ఉప్పులో కూరి, డబ్బా మీద బండరాయి పెట్టి మగ్గబెట్టేది. "మా దగ్గర తవుడు బర్రెకు పెడ్తరు టీచరమ్మా" అంటే, "నీకూ పెడతా, తిని చూడు" అంది. తిన్నాను. కంపు భరించగలిగితే రుచి బాగానే ఉంటుంది.

ఇంకో పిచ్చి పని కూడా చేసేది. గోడ పక్కన గొయ్యి తీసి నాలుగు ముల్లంగులు గడ్డి కప్పి పాతిపెట్టేది. అక్కడైతే పైన మంచు పేరుకుంటుంది, లోపల దుంప చెడదు, కావలసినప్పుడు తవ్వుకుంటారు. మన దగ్గర మంచెక్కడిది? వారం తిరిగేసరికి కుళ్ళి నీరయ్యేవి. అయినా ఏటా పాతేది. ఎందుకమ్మా అంటే మాట మార్చేది.

ఆ డబ్బా మీది బండరాయి ఎక్కడిదో చెప్పాలి. మా పెరటి గోడకు ఆనుకుని ఒక టవర్ కోసం గుట్టను మందు పెట్టి పేల్చి తొలిచేస్తున్నారు. సాయంత్రం కాగానే ఈల ఊదుతారు. తర్వాత కాళ్ళ కింద నేలను ఎవరో గుద్దినట్టు ఒక దెబ్బ, ఆ వెంటనే రాళ్ళ వాన. ఒక రాయి నా కర్రీ పాయింట్ పైరేకు పగలగొట్టుకుని చారుగిన్నెలో పడింది; దాన్నే టీచరమ్మ కడిగి డబ్బా మీద పెట్టుకుంది. ఇంకోటి గోడనే కూల్చి మనిషి దూరేంత సందు చేసింది. పెరట్లో దానిమ్మ చెట్టు మొదట్లో టీచరమ్మ ఎత్తైన గుంజ పాతి, పైనుంచి గొడుగు చువ్వల్లా తాళ్ళు లాగి ప్రతి కొమ్మనూ కట్టింది. అక్కడ మంచు బరువుకు కొమ్మలు విరగకుండా ఇలాగే కడతారట. "అక్కడ మంచు, ఇక్కడ రాళ్ళు. పైనుంచి పడేదే కదా" అంది. 

"మంచు చూడాలని నాకెంత ఆశనో టీచరమ్మా. టీవీల దూది లెక్క పడ్తది" అన్నానొకసారి. తాడు కడుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"దూది కాదు అమ్మాయ్, బండ. రాత్రంతా చప్పుడు లేకుండా పడుతుంది. తెల్లారేసరికి తలుపు తెరుచుకోదు. పైన దూలాలు కటకటమంటాయి. కప్పు మీదకెక్కి తోసెయ్యకపోతే ఇల్లే కూలుతుంది. తోస్తే, ఒక్కో దిమ్మ గుమ్మడికాయల బస్తా అంత పడుతుంది. కింద మనిషుంటే నుజ్జే." 

అందుకే అక్కడ ఒక కట్టుబాటు ఉందట. కప్పు మీదున్న వాళ్ళు ప్రతిసారీ పేరు పెట్టి కేకేయాలి. కింద ఉన్నవాళ్ళు ఎక్కడున్నారో జవాబు చెప్పాలి. జవాబు వచ్చేదాకా పార కదపకూడదు.

ఆ కట్టుబాటును ఆమె పుప్పాలగూడకు తెచ్చి పెట్టింది. ఒక సాయంత్రం ఈల వినపడగానే పార పట్టుకుని గోడ సందులోంచి సైటులోకి దిగింది. 

"ఈల ఊదితే అయిపోయిందా? ఎవరు జవాబు చెప్పారు?"

సూపర్‌వైజర్ నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఈల ఇన్నంక అందరు బయటికస్తరు. నీకెందుకు ఫికర్?"

"వచ్చారని నీకెవరు చెప్పారు?"

ఇగ రోజూ అదే లొల్లి. ఈల ఊదగానే ఆమె గోడ సందులో నిలబడి కేకేసేది. "మందు తమ్ముడూ! జెండా తమ్ముడూ! డ్రిల్లు తమ్ముడూ!" పనివాళ్ళకు మొదట నవ్వులాట అయింది. తర్వాత అలవాటైంది. "ఉన్నా అక్కా, గేటు కాడ!" అని ఒక్కొక్కరే పలికేవారు. పలకనిది ఒక్కడే, మా ఆయన.

మా ఆయన అక్కడే పని చేసేవాడు. బండకు బెజ్జాలు వేయడానికి గాలి కొట్టే కంప్రెషర్ ట్రాక్టరు అతనిది. మనిషి మంచివాడే, మొండితనం మాత్రం బండను మించింది. "ట్రాక్టరు తమ్ముడూ!" అని ఆమె గొంతు చించుకున్నా నోరు మెదిపేవాడు కాదు. ఇంట్లో నా మీద ఎగిరేవాడు. "నేనేమన్న ఇస్కూల్ పోరన్నా, హాజరు చెప్పనీకి? కిరాయిదాన్ని కిరాయిదాని లెక్క ఉండుమను!" చివరికి నేనే వంటింటి కిటికీలోంచి "ఉన్నడు టీచరమ్మా, ట్రాక్టర్ కాడ్నే ఉన్నడు!" అని అరిచేదాన్ని. అప్పుడుగానీ ఆమె సందులోంచి కదిలేది కాదు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం నా కౌంటర్ దగ్గర గిరాకీ విపరీతంగా ఉంది. నేను కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. ఈల వినపడింది. కేకలు వినపడ్డాయి. "ట్రాక్టరు తమ్ముడూ!" మళ్ళీ, "ట్రాక్టరు తమ్ముడూ!" ఆ తర్వాత ఆమె వేసిన అరుపుకు నా చేతిలో గరిటె అలాగే ఉండగా పెరట్లోకి ఉరికాను.

గోడ సందు అవతల టీచరమ్మ పార పట్టుకుని నిలబడి ఉంది, ఆమె ఎదుట సూపర్‌వైజర్ చేతిలో బ్యాటరీ డబ్బా ఉంది. దాని మీట నొక్కితే గుట్టలో కూరిన మందు పేలుతుంది. "ఆయన ఎన్నడు పలికిండని? ఏడనో చాయ్ తాగుతుండొచ్చు. జరుగమ్మా, లేటయితుంది" అంటున్నాడు. 

"జవాబు రాలేదు. నొక్కొద్దు."

"నీకు పిచ్చి లేసిందా?" అని అతను డబ్బా ఎత్తాడు. టీచరమ్మ పార తిప్పి కర్రతో అతని మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. డబ్బా కింద పడింది. దాని మీద బోర్లా పడుకుంది ఆమె. ఇద్దరు వచ్చి జుట్టు పట్టి లాగారు. ఒకడు డొక్కలో తన్నాడు. పెదవి చిట్లి నెత్తురు మట్టిలో పడుతోంది. ఆమె మాత్రం డబ్బాను కడుపు కింద అదుముకుని "ట్రాక్టరు తమ్ముడూ!" అని అరుస్తూనే ఉంది. నాకు అప్పుడు అర్థమైంది, ట్రాక్టరు దగ్గర మా ఆయన లేడని. సందులోంచి దూరి, తన్నినవాణ్ణి గరిటెతో ముఖం మీద బాదాను. వాడు ముక్కు పట్టుకుని కూలబడ్డాడు. ఇంకోసారి బాదేదాన్నే.

అంతలో గుంతలోంచి ఒక తల పైకి వచ్చింది. మా ఆయన. చెవుల్లో పాటల వైర్లు, భుజాన, మరిచిపోయి వెనక్కి వెళ్ళి తెచ్చుకున్న డ్రిల్లు రాడ్డు. మందు కూరిన బెజ్జాల మధ్య నుంచి నింపాదిగా నడిచొచ్చి, వైర్లు తీసి, "ఏందే, ఏమైంది? ఎందుకు గట్ల కొట్టుకుంటున్రు?" అన్నాడు.

పట్టుకున్న జుట్టు ఎవరో వదిలేశారు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి పెదవికి పసుపు అద్దుతుంటే టీచరమ్మ చెప్పింది. ఎవరికీ చెప్పలేదట అంతకుముందు.

"కప్పు మీద నేనున్నాను. మా వారు ఇంట్లో ఉన్నారనుకున్నాను. కేకేశాను. పలకలేదు. పలకలేదు కాబట్టి కింద లేరనుకుని మంచు తోసేశాను. కూరకని గోతిలో ముల్లంగి తవ్వుతున్నారు, తల దించుకుని. టోపీ చెవుల మీదికి ఉంది." నా చేతిలోని పసుపు గిన్నె పక్కకు జరిపింది. "జవాబు రాకపోతే లేరని కాదు అమ్మాయ్. ఉన్నారని అనుకోవాలి."

ఆమె తల నా ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "పసుపు కళ్ళల్లో పడుతోంది, సరిగా రాయి" అని విసుక్కుంది. మా ఆయన గుమ్మం అవతల నిలబడి అంతా విన్నాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

సూపర్‌వైజర్ కేసు పెడతానని ఎగిరాడు. పనివాళ్ళంతా "పెట్టు, మేమొచ్చి చెప్తం" అన్నారు. చేతికి కట్టుతో మర్నాడు వచ్చి, ఈల ఊదాక తానే పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అందరికంటే పెద్దగా పలికేది మా ఆయనే. ఎక్కడున్నాడో, ఏం పట్టుకున్నాడో కూడా చెప్పేవాడు. ఆమె గోడ సందులో నిలబడి తల ఊపి వెళ్ళిపోయేది.

ఆమెకు పిల్లలు లేరు. తెనాలి నుంచి ఒక మేనల్లుడు వచ్చాడు. చిన్నప్పుడెప్పుడో ఆమెను చూశాడట. ఆడవాళ్ళు పాడె వెంట రాకూడదన్నారు గానీ నేను ఆగలేదు. వాడకట్టు వాడకట్టంతా, సైటు పనివాళ్ళంతా నడిచారు. శ్మశానానికి ముందు దింపుడు కళ్ళం దగ్గర పాడెను నేల మీద దించారు. అక్కడ అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. పోయిన ప్రాణం ఒకవేళ తిరిగొస్తుందేమోనని ఒక ఆశ. మేనల్లుడు బిక్కముఖం వేసి, "నేనేమని పిలవాలండీ?" అన్నాడు.

మా ఆయన వచ్చి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"అక్కా."

"అక్కా, నేను. ట్రాక్టరు తమ్మున్ని."

మూడోసారి అంత దూరాన ఉన్న మాకందరికీ వినపడింది. "అక్కా!"

వాడకట్టు పెద్దమనిషి "ఇగ లేపుండ్రి" అన్నాడు. నలుగురూ వంగి వెదుళ్ళు పట్టుకున్నారు. మా ఆయన రెండు చేతులూ పాడె మీద ఆనించి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఆగుండ్రి. జవాబు రాలే."

ఎవరూ లేపలేదు.