ఎడమ పక్క అరిగిన టైరు

పెద్ద మోటార్‌సైకిల్ ముందు టైరు రెండు పక్కలా సమానంగా అరగదు. సూరత్ ఉధ్నాలో టైర్ల షాపు పెట్టినప్పటి నుంచి ఈ మాట చెబుతూనే ఉన్నాను, వచ్చినవాళ్ళు నమ్మకుండా పోతూనే ఉన్నారు. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎడమకు తిరిగితే మలుపు చిన్నది, కుడికి తిరిగితే పెద్దది. సూరత్‌లో అయితే అడుగడుగునా సర్కిళ్ళు, ప్రతి సర్కిల్‌నూ కుడికి ఒరిగే చుట్టిరావాలి. అంత బరువున్న టూరింగ్ బండి, దాని మీద ఇద్దరు మనుషులు, వాళ్ళ పెట్టెలు, అన్నీ కలిసి కుడికి వాలుతుంటే ఆ పక్క రబ్బరు కొంచెం ముందే పోతుంది. అది టైరు తప్పు కాదు, నడిపేవాడి తప్పూ కాదు.

ఎడమ పక్క అరిగిన టైరు వస్తే మాత్రం నేను స్టూలు మీద నుంచి లేస్తాను. లేచి టైరు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు నిమురుతాను. ముందుకు నునుపుగా పోయి వెనక్కు రంపంలా తగిలితే ఆ బండి ఎక్కడో పడిందనో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మెలిపడిందనో అనుమానించాలి. అంత బరువున్న బండి ముందు చక్రం రవ్వంత పక్కకు చూస్తూ పరిగెడితే, మెల్లగా పోయినంతసేపు ఏమీ కాదు. వేగం పెరిగాక హ్యాండిల్ వణుకు మొదలవుతుంది. ఆ వణుకు ఒక్కోసారి మనిషి చేతిలో ఆగదు.

ఆ శనివారం సాయంత్రం వచ్చిన టైరు అలాంటిదే. వానలు వెనకబట్టిన రోజులు. బండి తెచ్చినాయనకు నలభై అయిదేళ్ళుంటాయి. హజీరా వైపు ఏదో కంపెనీలో ఇంజనీరునని, ఆల్థాన్‌లో ఉంటానని తనే చెప్పాడు. చెప్పడం హిందీలో. ముందు టైరు మార్చాలి, గంటలో కావాలి, పొద్దున్నే ప్రయాణముంది, ఇదీ ఆయన తొందర. నేను టైరు నిమిరి, లేచి ఆయన ముఖంలోకి చూశాను.

"గాడీ గిరీ థీ క్యా?" అని అడిగాను, బండి పడిందా అని.

లేదు, ఎప్పుడూ పడలేదు అన్నాడు. అంటూనే కుడి కాలి మీది బరువు ఎడమ కాలి మీదికి మార్చుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. నేను మళ్ళీ అడిగాను. ఆయనకు చిరాకొచ్చింది. టైరే నాసిరకం, కంపెనీకి ఫిర్యాదు చేస్తాను, నువ్వు మార్చే పని చూడు అన్నాడు. ఇంతలో ఫోన్ మోగింది. ఆయన రెండడుగులు కూడా పక్కకు పోకుండా, నా నెత్తి మీదే నిలబడి తెలుగులో మొదలుపెట్టాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా నాన్న సిరిసిల్ల నుంచి సూరత్ సాంచాల మీద పనికి వచ్చినవాడు. సాంచా అంటే మావాళ్ళ మాటలో కరెంటు మగ్గం. నేను పుట్టింది ఇక్కడే, ఉధ్నాలోనే. చదివింది తెలుగు బడిలో. షాపులో నా భాష హిందీ, కోపమొస్తే గుజరాతీ, తెలుగు ఇంటి వరకే. బోర్డు గుజరాతీలో ఉంటుంది. నేను తెలుగువాడినని నుదుట రాసి ఉండదు కదా.

"లేదురా బాబూ, మా ఆవిడకి ఇంకా తెలీదు," అంటున్నాడాయన. "మెట్ల మీద జారానని చెప్పాను. బండి పడిందని తెలిస్తే ఆ రోజే అమ్మించేస్తుంది, ముందే ఒట్టేయించుకుంది. బండికేం కాలేదులే. తొంభై దాటితే హ్యాండిల్ కాస్త వణుకుతోంది, అంతే. కొత్త టైరు వేస్తే అదే పోద్ది. రేపు ఆరున్నరకి కామ్‌రేజ్ చౌరస్తాలో కలుద్దాం. అవును, ఆవిడా వస్తోంది, ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి." ఆ తర్వాత నా వైపు ఒక చూపు చూసి, "ఈ టైరు షాపువాడొకడు, పడిందా పడిందా అని బుర్ర తింటున్నాడు. గుట్కా నమిలే మొహం, వీడికేం తెలుసురా ఈ బండ్ల గురించి," అన్నాడు.

నేను గుట్కా నమలను. ఆ రోజు పంటి నొప్పికి బుగ్గన లవంగం పెట్టుకున్నాను.

అప్పుడే నోరు తెరిచి ఒక్క తెలుగు మాట అంటే సరిపోయేది. అనలేదు. నాకు ముక్కు మీద కోపం, పైగా ఆ కోపం అరవదు, బిగుసుకుపోతుంది. నాకు ఇప్పుడు అన్నీ తెలుసు, బండి పడిందని, హ్యాండిల్ వణుకుతోందని, వెనక ఎవరు కూర్చోబోతున్నారో కూడా. కానీ నాతో హిందీలో చెప్పిన ప్రకారం నాకేమీ తెలియదు. ఆ రెండో లెక్కనే పట్టుకున్నాను. రేపు నా మీద మాట రాకుండా హిందీలో ఒకసారి అన్నాను, ఫోర్క్ చూడాలి, రెండు రోజులు బండి వదిలిపెట్టండి అని. టైరు మాత్రమే అన్నాడు. సరే అన్నాను.

ముందు చక్రం ఇరుసు చేత్తో లాగితే జారి రావాలి. అది రాలేదు, సుత్తితో తట్టి తీయాల్సి వచ్చింది. అంటే రెండు పక్కల ఫోర్క్ కాళ్ళు ఒక వరుసలో లేవు. అదీ చూశాను. చూసి, కొత్త టైరు ఎక్కించి, గాలి పట్టి, ఇరుసు మళ్ళీ తట్టి లోపలికి పంపి, బోల్టు బిగించాను. నీ ఖర్మ నీది అనుకున్నాను. ఆయన హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోతుంటే లోపల ఒకరకమైన సంతోషం కూడా కలిగింది. అది రాయకుండా ఉండలేను.

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక ఆ సంతోషం నిలవలేదు. పక్కన నాన్న తింటున్నాడు. నలభై ఏళ్ళు సాంచాల చప్పుడులో ఉండి ఆయన చెవులు పోయాయి. ఆయనతో ఏ రహస్యం చెప్పినా గల్లీ మొత్తానికి చెప్పినట్టే. అయినా అరిచి చెప్పాను.

"ఎవరు కింద వడ్డరు?" అన్నాడు నాన్న.

"ఇంక వడలేదు బాపూ. రేపు వడ్తరేమోనని భయమైతుంది."

మొత్తం మళ్ళీ చెప్పించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మెల్లగా తుడుచుకుని అన్నాడు, "నీకు తెలుగొస్తదని ఆయనకెర్క లేదు. నీకైతే ఎర్కనే గదరా."

షాపు చీటీ మీద ఆయన నంబరుంది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. హిందీలో మెసేజ్ పెట్టాను, బండి నడపొద్దని. పొద్దున లేచి చూస్తే చదివిన గుర్తు లేదు. అయిదున్నరకు మళ్ళీ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఇక కూర్చోలేకపోయాను. షాపు తెరిచి, పాలిస్టర్ దారం కండె ఒకటి జేబులో వేసుకుని నా పాత బండి తీశాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకుంటూ కామ్‌రేజ్ వైపు పోయాను.

రాత్రి వాన కురిసి రోడ్డు తడిగా ఉంది. నా బండి అరవై దాటితే మూలుగుతుంది. ఆయన బండి అరవైలో ఇంకా నిద్రే లేవదు. ఆయన తొంభై ఎక్కడ దాటుతాడా అనే ఆలోచన తప్ప నా తలలో ఇంకేమీ లేదు. కామ్‌రేజ్ దాకా ట్రాఫిక్ ఉంటుంది, దాటనివ్వదు. కలిసి బయలుదేరాక మాత్రం అంతా ఖాళీ హైవే. అంటే ఆరున్నర లోపల చేరాలి. ఒకచోట రోడ్డు పక్క జనం గుమిగూడి ఉన్నారు. బండి ఆపి, మనుషులను తోసుకుంటూ లోపలికి పోయాను. టెంపో ఒరిగి గుడ్డ తాన్లు బురదలో పడి ఉన్నాయి. డ్రైవరు తాన్ల మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. నేను ఎవరికోసం వచ్చానో అడిగాడు. నేను తిరిగొచ్చి నా బండెక్కాను.

చౌరస్తా చేరేసరికి ఆరు నలభై. టీ బండి ముందు అయిదారు పెద్ద బండ్లు వరుసగా ఉన్నాయి. కొందరు అప్పటికే హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. ఆయన బండి చివర ఉంది. పక్కన ఆయన భార్య నిలబడి ఉంది, కొత్త జాకెట్, మడతలు ఇంకా పోలేదు. జడను జాకెట్ లోపలికి దోపుకుంటూ నవ్వుతోంది. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నన్ను చూసి ఆయన ముఖం చిట్లించాడు. భార్యతో తెలుగులోనే అన్నాడు, "నిన్న టైరు వేసినవాడు. ఏ నట్టో బిగించడం మర్చిపోయుంటాడు. వీళ్ళ పనింతే."

"నట్టు గిట్టు ఏం మర్చిపోలేదు సార్," అన్నాను. "నాకు తెలుగొస్తది."

ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. నిన్న నా నెత్తి మీద నిలబడి ఏమేం మాట్లాడాడో ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నట్టు ఆయన ముఖంలో కనిపించింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆమెకు ఇదేమీ తెలియదు. "అయ్యో, మీరు తెలుగువాళ్ళా? ఏ ఊరండీ మీది?" అంది సంతోషంగా.

"పుట్టింది ఈడనే అమ్మా. మా బాపుది సిరిసిల్ల." చెబుతూ నేను ఆయన వైపే చూస్తున్నాను. "సార్, హ్యాండిల్ వణుకుతుందా?"

"లేదే. బాగుంది," అన్నాడు. నోరు అలా అంది, కళ్ళు నన్ను బతిమాలాయి. పడిన సంగతి చెప్పొద్దని.

నిన్నంతా ఆయన ఇలా నా ముందు తగ్గాలని కోరుకున్నాను. ఇప్పుడు తగ్గాడు, నాకేమీ సంతోషం లేదు. పడిన మాట నేను ఎత్తకూడదనుకున్నాను. అది వాళ్ళ ఇంటి సంగతి. కానీ ఆమె ఆ సీటు ఎక్కకూడదు. జేబులోంచి దారం తీశాను. "ఒక్క రెండు నిమిషాలు జర ఆగున్రి," అని బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టించాను. వెనక టైరుకు రెండు పక్కలా ఆనించి రెండు దారాలు ముందు చక్రం దాకా బిగదీశాను. వెనక టైరు వెడల్పు, ముందుది సన్నం. హ్యాండిల్ తిన్నగా ఉంటే ముందు చక్రానికి అటూ ఇటూ ఖాళీ సమానంగా ఉండాలి.

"అమ్మా, మీరే వచ్చి వేలు పెట్టి చూడున్రి."

ఆమె వంగి చూసింది. ఒక పక్క రెండు వేళ్ళు దూరాయి. ఇంకో పక్క ఒక్క వేలికే ఇరుకైంది. మళ్ళీ అటు వెళ్ళి చూసింది, మళ్ళీ ఇటు వచ్చింది.

"ఇట్ల ఎందుకుంటుంది?" అని అడిగింది. నా యాసను తనకు తెలియకుండానే పట్టుకుంది పాపం.

నేను జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె లేచి నిలబడి భర్త కుడి కాలి మడమ వైపు చూసింది.

"మెట్ల మీద జారానన్నారు," అంది.

"చిన్నదేనే. నువ్వు కంగారు పడతావని," అన్నాడాయన. టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు మార్చుకున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. దండం పెడుతుందనుకున్నాను. పరవాలేదమ్మా అనడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

"నిన్న ఈ టైరు బిగించింది మీరేనా?"

"నేనే."

"బిగించేటప్పుడు మీకు తెలుసా, ఇది ఇలా ఉందని?"

రాత్రి ఆలోచిస్తే అనుమానమొచ్చిందని చెప్పొచ్చు. ఆమె నమ్మేది. ఆయన కూడా కాదనలేడు, పడలేదని నాతో చెప్పింది ఆయనే. ఆయన నన్నే చూస్తున్నాడు, నేనేం చెబుతానో అని.

"ఎర్కనే," అన్నాను.

"మరి చెప్పలేదేం?"

"సార్ నన్నొక మాటన్నడు. కోపమొచ్చింది."

ఆమె గొంతు పెంచలేదు. "ఆయనేమో భయపడి చెప్పలేదు. మీరేమో కోపమొచ్చి చెప్పలేదు. వెనకాల కూర్చునేది నేను కదండీ," అంది.

ఆ చివరి 'అండీ' దగ్గర నేను తల దించుకున్నాను. ఆమె జాకెట్ విప్పి బండి సీటు మీద పెట్టి, చౌరస్తాలో ఆటో మాట్లాడుకుని ఒక్కతే ఇంటికి వెళ్ళిపోయింది. మిగతా బండ్లవాళ్ళు కాసేపు అటూ ఇటూ చూసి, ఒకరి వెనక ఒకరు కదిలిపోయారు. ఆయనా నేనూ మిగిలాం. టెంపో పిలిపించి, నా పాత బండినీ అందులో వేసి, ఆయన బండి ఎక్కించేటప్పుడు హ్యాండిల్ ఒక పక్క ఆయన పట్టుకున్నాడు, ఒక పక్క నేను పట్టుకున్నాను. ఉధ్నా దాకా టెంపో ముందు సీట్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఇద్దరిదీ ఒకటే భాష, ఒక్క మాట మాట్లాడుకోలేదు.